రెండు వైపుల పలక

పడవకి ఒక వెబ్‌సైట్ కావాలంది దోన్యా ఎద్విహెస్.
చిలోయే ద్వీపంలో, దాల్కావే రేవు పక్కన టికెట్ల గది,
కట్టెల పొయ్యి, పొయ్యి మీద కెటిల్,
కెటిల్ పక్కన ఆరేసిన ఒకే ఒక్క చేతితొడుగు.
"పెద్దదేం వద్దు నాయనా.
పడవ వేళలు, ఛార్జీ, నా ఫోన్ నంబరు.
ఆపైన, ఇవాళ పడవ ఉందా లేదా. అంతే."

అంతే అన్న మాటని నేను నమ్మను.
పదకొండేళ్లుగా ఇదే పని.
అంతే అన్నవాళ్లే మూడో నెలలో వీడియో అడిగారు,
ఒక రొట్టెల కొట్టాయన
పేజీ మీద మంచు రాలాలన్నాడు.
అందుకే మూడు రకాలు కట్టి తీసుకెళ్లాను.

మొదటిది అందరికీ తెలిసిందే.
పిలిస్తే ఒక్కటే రాదు,
చుట్టాలందర్నీ వెంటేసుకొస్తుంది.
ఫారానికో ప్లగిన్, ఆ ప్లగిన్‌కి కాపలా మరో ప్లగిన్,
వారం తిరక్కుండా అప్‌డేట్ అంటూ గుమ్మంలో నిలబడుతుంది.
నాకది పడదు. దాచడమెందుకు.

రెండోది అద్దె ఇల్లు.
రంగులు వాళ్లే వేసిస్తారు, మేకు కొట్టాలంటే అడగాలి,
ఒక నెల బాకీ పడితే దీపం ఆర్పేస్తారు.
దాని నమూనా బొమ్మల్లో సముద్రం ఎప్పుడూ నీలమే.
ఎద్విహెస్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"ఇవెక్కడి నీళ్లు?" అంది.

మూడోది నా ముద్దుబిడ్డ.
డేటాబేస్ లేదు, తాళాలు లేవు,
ఉత్త అక్షరాల ఫైళ్లు, ఊదితే ఎగిరేంత తేలిక.
చెబుతుంటే నా గొంతు నాకు తెలియకుండానే పెరిగింది.
శీర్షికకి ముందు ఒక గుర్తు,
బొద్దుగా కావాలంటే అటూ ఇటూ నక్షత్రాలు,
తర్వాత ఒక కమాండ్, ఆ తర్వాత...
ఆవిడ ఉప్పునీటికి పగిలిన బొటనవేలితో
ఫోన్‌లో నక్షత్రం కోసం వెతికింది.
చాలాసేపు వెతికింది.
కెటిల్ మరిగి మూత తన్నుకుంది.

అప్పుడడిగింది, నక్షత్రం గురించి కాదు:
"నువ్వు సాంతియాగో వెళ్లిపోతేనో?
జ్వరమొచ్చి పడుకుంటేనో?
మనమిద్దరం పోట్లాడుకుంటేనో?
గాలి మనకోసం ఆగదు కదా.
ఎవర్ని అడగను?"

జవాబు ఉందనుకునే నోరు తెరిచాను.

కిటికీ బయట, రేవు గుంజకి
వాళ్ల మామగారి కాలం నాటి చెక్క పలక.
ఒకవైపు ఉంది, ఒకవైపు లేదు.
రంగు మీద రంగు వేసీ వేసీ అక్షరాలు ఉబ్బిపోయి
చీకట్లో తడిమి కూడా చదవొచ్చు.
భర్త ఉన్నన్నాళ్లూ ఆయన తిప్పాడు,
ఇప్పుడు టికెట్లు చింపే కుర్రాడు తిప్పుతాడు,
ఒకసారి పెద్దగాలికి దానంతటదే తిరిగిందట,
అదీ సరైన వైపుకే.

"లైబ్రరీలో రోసావురా ఉంది" అంది ఎద్విహెస్,
"వాళ్ల పేజీ ఆ మొదటి దాంట్లోనే పెడుతుంది.
ఆమె లేకపోతే స్కూలు గుమాస్తా లౌతారో, వాడికీ అదే వచ్చు."

నాకు పడనిదే పెట్టాను.
రెండు రాత్రులు కూర్చుని
దాని చుట్టాల్ని ఒక్కొక్కర్నే బయటికి సాగనంపాను.
మెనూలన్నిటికీ తలుపులు మూశాను.
మిగిల్చింది రాసుకునేందుకు ఒక పెట్టె,
కింద బొటనవేలంత బటన్.
పాస్‌వర్డ్ టికెట్ల పుస్తకం అట్ట మీద రాసుకోబోయింది.
వద్దన్నాను.
రాసుకుంది.

మే నెల, ఏడాదిలో మొదటి ఉత్తరగాలి.
రాత్రంతా రేకుల కప్పు మీద వాన.
ఐదూ నలభైకి, పక్క మీద నుంచే, పేజీ తెరిచాను.
ఇవాళ పడవ లేదు. గాలి.
గాలిలో ఒక అక్షరం తప్పు. దిద్దబోయి ఊరుకున్నాను.

దాని కింద, నేనేమీ ఆలోచించి పెట్టని చోట, ఇంకో ముక్క:
తెల్ల కుక్క ఒకటి వచ్చింది, ఎడమ చెవి నలుపు.
పొయ్యి దగ్గర పడుకుంది.
ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకెళ్లండి,
గాలి తగ్గాకే రండి.